మైదానము లేని కీర్తి

2024 ఏప్రిలులో సయ్యదు అబ్దుల్ రహీముగారి జీవితము హిందీ చలనచిత్రమై దేశమంతట ప్రదర్శింపబడెను. దాని పేరు "మైదాన్". మా ఊరివాని కథ యని హైదరాబాదు నగరవాసులు గర్వించిరి, గర్వింపదగినదే. మఱుసటి సంవత్సరము జనవరి 31వ తేదీన ఆ నగరమునందే, గోషామహలు పోలీసు మైదానములో, క్రొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగెను. సుమారు 26 ఎకరముల నేల అది. తెరమీది మైదానమునకు చప్పట్లు కొట్టి తొమ్మిది నెలలు నిండినవో లేదో, నేలమీది మైదానమునకు వీడ్కోలు చెప్పితిమి.

ఈ మాట వినగానే మేము ఆసుపత్రికి విరోధులమని యెవరును తలంపవలదు. మూసీయొడ్డున 1925లో వెలసిన ఉస్మానియా ఆసుపత్రి యెన్ని తరముల బీదలకు ప్రాణదానము చేసినదో ఎఱుగనివారు లేరు. ఆ భవనము శిథిలమై, 2020 జూలైలో వర్షపునీరు రోగుల మంచములక్రిందికి వచ్చినది. జ్వరపీడితునకు పడక లేనిచోట బంతియాటకు స్థలము కావలెనని వాదించుట మనుష్యధర్మము కాదు. ఆసుపత్రి కావలసినదే. గోషామహలులో కట్టవలసివచ్చినచో కట్టవలసినదే. కాని పోయిన 26 ఎకరములకు బదులుగా పాతనగర పరిసరములలో పిల్లలకు చూపిన 26 ఎకరములేవి? ఈ ప్రశ్నను అడుగవలసినవారు పాతకప్పుల పేర్లు వల్లించి తృప్తిపడుచున్నారు. మా ఫిర్యాదు వారిమీదనే.

ఆ కప్పులు సామాన్యమైనవి కావు. బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకొనెను. అట్టి పని ఆ పోటీలో మఱియే జట్టును చేయలేదు. ఇక చేయబోదు కూడ. ఆ పోటీయే ఈ శతాబ్దారంభమున నిలిచిపోయినది. 1950లో డ్యూరాండు కప్పు యుద్ధానంతరము ఢిల్లీలో మఱల మొదలైనపుడు, తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పును దక్షిణాపథమునకు తెచ్చినవారును వీరే.

ఆ సంవత్సరమును ఒక్కక్షణము జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరినది. ఆ మార్పు కొందఱికి విముక్తి. నగరమున మఱికొన్ని కుటుంబములకు భయము, ఉద్యోగనష్టము, రేపేమగునోయను దిగులు. ఒకరినొకరు అనుమానముతో చూచుకొనుచున్న దినములవి. కొలదికాలమునకే దేశరాజధానిలో నూర్ మహమ్మదు, అజీజుద్దీను, లతీఫువంటి హైదరాబాదు బిడ్డల పేర్లు జనుల నోళ్లలో నానెను. సభలలో చేసిన ఐక్యతోపన్యాసములు ఎంత పని చేసినవో చెప్పలేము కాని, బంతి చేసిన పని మాత్రము కంటికి కనబడునది. మఱుసటి యేట ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారతజట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకమందెను. ఆ జట్టునకు శిక్షకుడు రహీముగారే.

రహీముగారు సైనికాధికారి కారు, ధనవంతుడు కారు, బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పినవారు. పోలీసుజట్టును తీర్చినపుడుకూడ ఆయన పద్ధతి పంతులు పద్ధతియే. కుడికాలివాటము గలవారు ఎడమకాలితోను, ఎడమకాలివాటము గలవారు కుడికాలితోను మాత్రమే ఆడవలెనని నియమము పెట్టి ఆయన పోటీలు నడిపెను. ఒక్కడే బంతిని తనయొద్ద నుంచుకొని పరుగెత్తరాదు, వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో మఱికొన్ని పోటీలు. వట్టికాళ్లతో ఆడుట సొగసనుకొనుచున్న కాలమున, బంతికంటె ముందు ఆలోచన పరుగెత్తవలెనని నేర్పినవాడాయన. ఈ పోటీలకు గ్యాలరీలు కావలయునా? విద్యుద్దీపములు కావలయునా? రెండు కఱ్ఱలు పాతుటకు చోటును, సాయంకాలము పిల్లలను తఱిమివేయని కావలివాడును ఉన్న చాలును. ఆ పాటి చోటు నాడు హైదరాబాదు సికింద్రాబాదు జంటనగరములలో కొల్లగా నుండెను. కంటోన్మెంటులోని పటాలములు ఆడుచుండగా గట్టుమీద నిలిచి చూచి, వారు వెళ్లినపిమ్మట అదే గడ్డిమీద అనుకరించి నేర్చినవారెందఱో.

అట్టి నేలనుండి వచ్చినవాడే తులసీదాసు బలరాము. సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో 1936లో ఒక బీద తమిళకుటుంబమున పుట్టెను. ఇరువదేండ్ల ప్రాయమున మెల్‌బోర్ను ఒలింపిక్సునకు వెళ్లెను. ఆ 1956 జట్టులో అజీజుద్దీను, లతీఫు, నూర్ మహమ్మదు, అహమ్మదు హుస్సేను, సలాము, జుల్ఫికరుద్దీను, గోలుకాపరి పీటరు తంగరాజు అందఱును హైదరాబాదు మట్టితో సంబంధము గలవారే. ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2 గోలులతో ఓడించి భారతదేశము నాలుగవ స్థానము నందినది. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన దేశము అంతకుమించి యెన్నడును పోలేదు. ఒక్క నగరము అంతమందిని పంపెననగా ఆ నగరము గాలిలో ఏదో మహిమ కలదని కొందఱు వ్రాయుదురు. గాలిలో లేదు, నేలలో ఉన్నది. ఎకరములలో కొలుచుటకు వీలైనది.

బలరాము కథ అచ్చట ఆగలేదు. కలకత్తా ఈస్టు బెంగాలు జట్టు ఆయనను పిలిచికొనిపోయెను. 1962లో జకార్తాలో లక్షమంది విరోధభావముతో కేకలు వేయుచుండగా దక్షిణకొరియాను 2-1 గోలులతో ఓడించిన జట్టులో ఆయన కలడు. ఊపిరితిత్తుల జబ్బుచే ఇరువదియేడవ యేటనే ఆట విడువవలసివచ్చెను. జీవితశేషము హుగ్లీనదియొడ్డున ఉత్తరపారలో గడపి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసెను. అదే సంవత్సరము ఆగస్టు 15న మహమ్మదు హబీబు హైదరాబాదులో మరణించెను. ఆయనయు యౌవనమంతయు కలకత్తాకే ధారపోసినవాడు, 1977లో పెలే ఆడిన కాస్మాసు జట్టునకు ఎదురొడ్డినవాడు. వీరిద్దఱి పేర్లను ఉత్తరకలకత్తా వీధిలోని టీదుకాణమువాడు చెప్పగలడు. ఆబిడ్స్ కూడలిలో అడిగి చూడుడు.

కలకత్తా ధనము మన ఆటగాండ్రను ఎత్తుకొనిపోయినదని పాతవారు నిందింతురు. పాక్షికముగా నిజమే. కాని 1956, 1957 సంవత్సరములలో సంతోషు ట్రోఫీ హైదరాబాదువారిది. 1961లో ఆంధ్రపోలీసు పేరుతో ఆ జట్టే మఱల డ్యూరాండు కప్పు గెలిచినది. 1965లో సంతోషు ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌ది. కొందఱు పోవుచుండగనే ఇంకను కొందఱు పుట్టుచుండిరన్నమాట. బావిలో ఊట యున్నంతకాలము తోడుకొనిపోవువారివలన బావి యెండదు. ఊట ఎప్పుడు ఆగినదో చూడవలెను. 1963 జూన్‌లో రహీముగారు క్యాన్సరువ్యాధిచే మరణించిరి. జకార్తా విజయమునకు పిమ్మట పదినెలలైన నిండలేదు. ఒక్క గురువు పోయినంతనే విద్య యంతరించుట ఆ విద్యను నడుపు సంఘముల దోషమే గాని కాలదోషము కాదు. క్రికెట్టుపై మోజు పెరిగినది, అదియు కారణమే. అయినను వీటికన్న మెల్లగా, ఎవరికిని తెలియకుండ పని చేసిన కారణము మఱియొకటి కలదు. ఊరు పెరిగినది, ఖాళీస్థలములు తఱిగినవి.

ఇందులకు ఫతే మైదానముకన్న వేఱు సాక్ష్యము అక్కఱలేదు. 1687లో గోల్కొండ ముట్టడినాటి మొగలుసేనలతో ముడివడిన పేరది. 1967లో దానికి లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. ఆ మహనీయుని పేరుపట్ల మాకు గౌరవమే. కాని ఆ స్థలము తఱుచుగా దేనికి ఉపయోగపడినది? 1983 జనవరిలో నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినది అచ్చటనే. 2004లో రాజశేఖరరెడ్డిగారు, 2023 డిసెంబరులో రేవంతరెడ్డిగారును అచ్చటనే. పక్షములు మాఱినవి, వేదిక మాఱలేదు. ప్రజాప్రభుత్వమునకు ప్రజలు వచ్చి చూచు స్థలము కావలెను, సరే. వేదికలు కట్టి, విప్పి, బండ్లు త్రొక్కిన పచ్చికపై మరునాడు బంతి సరిగా దొరలునా యని మాత్రము ఏ మంత్రివర్గమును అడిగినట్లు కనబడదు.

"గచ్చిబౌలిలో క్రొత్త స్టేడియము లేదా?" యని ప్రశ్నింతురు. ఉన్నది. చక్కనిదే. 2024 డిసెంబరు 31న సంతోషు ట్రోఫీ తుదిపోటీ అచ్చటనే జరిగి, బెంగాలువారు కేరళవారిని ఓడించిరి. నగరమునకు పడమటి కొననున్న ఆ స్టేడియమునకు ధూల్‌పేట బాలుడు బడి విడిచినపిమ్మట ఎట్లు పోగలడు, ఎప్పుడు తిరిగి రాగలడు? అది చూచుటకు కట్టినది. నేర్చుటకు కావలసినది ఇంటికి నడకదూరమున ఉండవలెను. ఇప్పుడు భవనముల మిద్దెలమీద, సందులలో, కృత్రిమపు పచ్చిక పఱచి గంటకింతయని అద్దెకిచ్చువారు బయలుదేఱిరి. జీతగాండ్రు పనిముగించుకొని రాత్రివేళ ఆడుకొనుటకు అవి మంచివే. కూలివాని కొడుకు గంట అద్దె ఎట్లు చెల్లించును? రహీముగారి శిష్యులలో ఎందఱు చెల్లింపగలిగియుందురు?

క్లబ్బుల మాట కూడ చెప్పవలెను. 2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తిజట్టు ఏర్పడెను. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగు గెలిచెను కూడ. నగరము సంతసించినది, కుఱ్ఱవారు పసుపురంగు చొక్కాలు ధరించి తిరిగిరి. 2025లో ఆ జట్టు చేతులుమాఱి, పేరు మాఱి, ఢిల్లీకి తరలిపోయెను. చట్టప్రకారము అందులో తప్పేమియు లేదు. కొన్నది తరలింపవచ్చును. కాని సిటీ పోలీసుజట్టును అట్లు మూటకట్టుకొని పోగలిగియుందురా? ఆ జట్టు కాగితములలో గాక ఊరిలో ఉండెను గనుక పోలేకపోయెడివారు.

ఇంత చెప్పినంతమాత్రమున గడచినదంతయు బంగారమని మేము అనుటలేదు. ఆ మహావీరులలో పెక్కురు చిన్నజీతపు కానిస్టేబులు ఉద్యోగముతోనే సరిపెట్టుకొన్నారు. దేహము చెడినపిమ్మట వారిని పలుకరించినవారు తక్కువ. నాటి మైదానములందు ఆడపిల్లలకు చోటే లేదు. నేడు వారు ఆడుచున్నారు, ఆడవలెను, కావున కావలసిన స్థలము మునుపటికన్న ఎక్కువయే గాని తక్కువ కాదు. జ్ఞాపకమును పూజించువారు ఈ లెక్కను మఱచుచున్నారు. చిత్రపటమునకు దండవేసి, పాత ఆటగానికి శాలువ కప్పి, ఛాయాచిత్రము తీయించుకొని యింటికి పోవుట సులభము. ఒక సర్వే నంబరుకొఱకు కలెక్టరు కచేరీచుట్టు తిరుగుట కష్టము. మనకు ఇప్పుడు కావలసినది రెండవది.

శంకుస్థాపనకు ముందే గోషామహలు, బేగంబజారు ప్రాంతములవారు కొందఱు తమ అభ్యంతరమును తెలిపియుండిరి. వారి మాటను ఆసుపత్రిద్వేషమని కొట్టివేయుట అన్యాయము. ఉదయము నడచుటకు, సాయంకాలము ఆడుటకు వారికున్న ఒక్క విశాలస్థలము పోవుచున్నదను బాధ అది. ఆ బాధకు ప్రభుత్వము లిఖితపూర్వకమైన ప్రత్యుత్తరము ఇయ్యవలెను. గోషామహలునుండి నడకదూరములో ఒకటిగా కుదిరినచో ఒకటి, కుదరనిచో ముక్కలుగా నాలుగైదు చోట్ల, మొత్తముమీద అంతే విస్తీర్ణము గల నేలను ఆటస్థలమని రికార్డులలో వ్రాయించి, ఆసుపత్రి తలుపులు తెఱచునాటికి వాని గేట్లును తెఱువవలెను. అందు సభలకు అనుమతి యుండరాదు. అద్దె యుండరాదు. రహీముగారి పేరు పెట్టిన సంతోషమే. పెట్టకున్నను బాధలేదు, బంతి దొరలిన చాలును. నగరములోని పఠనమందిరములవారు, పాత ఆటగాండ్రు, పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు కలిసి ఈ మాసమునందే ఒక వినతిపత్రము సిద్ధము చేసి, ప్రతి పేటనుండి సంతకములు తీసికొని, ముఖ్యమంత్రిగారికి, నగరపాలకసంస్థకు, పోలీసుశాఖకును అందజేయవలెనని కోరుచున్నాము. పోలీసుశాఖవారిని మఱవరాదు. ఆ ఐదు రోవర్సు కప్పులు వారి పేరుమీదనే కలవు.