మధుమేహము - కాన్పు

గర్భకాలమున మధుమేహము పొడసూపినదని తెలిసినంతనే, ఇక కడుపు కోసి బిడ్డను తీయక తప్పదని ఇంటివారు నిశ్చయించుకొనుచున్నారు. ఇది శాస్త్రసమ్మతము గాదు. కేంద్రప్రభుత్వము 2018లో వెలువరించిన మార్గదర్శకములు సహజప్రసవమే మేలనుచున్నవి. శిశువు తూకము 4 కిలోలు మించునని తోచినపుడు, భుజములు చిక్కుకొను నపాయమున్నది గనుక, 39వ వారమున శస్త్రచికిత్సను యోచింపవలెను. ఆ యంచనాయు నొక్కొకప్పుడు తప్పును. చక్కెర అదుపులోనున్నచో అంతకుముందే తొందరపడుట తగదు. శిశువు ఊపిరితిత్తులు పక్వమగుటకే ఆలస్యమగునట!

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో శస్త్రచికిత్స కాన్పులు దేశమున నూటికి 21.5, ఆంధ్రమున 42.4, తెలంగాణమున 60.7. మన స్త్రీల దేహములే ఇట్లు మాఱినవా? ముహూర్తము పెట్టించి కోయించువారి సంగతి చెప్పనే యక్కఱలేదు. చక్కెర యెంత, బిడ్డ తూకమెంత, కోతకు హేతువేమి - ఈ మూడును వైద్యులు గర్భిణికే, తెలుగున, ముందుగా చెప్పి యామె సమ్మతిని గొనవలెను.