నరాల జబ్బులకు మాకు తెలిసే మాటలు కావాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రుల సముఖానికి

విషయం: నరాల జబ్బుల పేర్లను ఆస్పత్రి కాగితాల మీద తెలుగులో కూడా రాయించవలసిందిగా వినతి.

ఆర్యా,

మేము పక్షవాతం, ఫిట్స్, పార్కిన్సన్ వచ్చినవాళ్ల ఇంటివాళ్లం. నెలనెలా చీటీ పట్టుకుని న్యూరాలజీ ఓపీ ముందు కూర్చునేవాళ్లం. ఈసారి మా గోడు మందుల గురించి కాదు, మాటల గురించి.

మాలో ఒకరి తండ్రికి స్ట్రోక్ వచ్చి మాట పోయింది. డిశ్చార్జి కాగితంలో ‘ఎఫేసియా’ అని ఉంది. అదేమిటో విడమరిచి చెప్పినవాళ్లు లేరు. మంచినీళ్లు కావాలంటే ఆయన ‘తలుపు, తలుపు’ అనేవాడు. మతి చెడిందనుకున్నారు. పొలం కౌలు సంగతి ఆయన మంచం పక్కనే కూర్చుని, ఆయన లేనట్టే తేల్చేశారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే అదీ జబ్బే అనుకున్నారు. ఆరు నెలలకు ఒక స్పీచ్ థెరపిస్టు చెబితే తెలిసింది, మతి ఉంది, మాటే దొరకడం లేదని. ‘డిసార్త్రియా’ వేరు. అందులో పదాలన్నీ సరిగ్గానే వస్తాయి, నోటి కండరాలకు పట్టు తప్పి పలుకు ముద్దగా ఉంటుంది. రెండింటికీ మేం ‘మాట పడిపోయింది’ అనే అంటున్నాం.

కాలూచెయ్యీ సంగతీ అంతే. పూర్తిగా కదలకపోతే హెమిప్లీజియా, సత్తువ తగ్గితే హెమిపరేసిస్. మా నోట రెండూ ‘పడిపోయింది’.

ఇక ‘నరం’. సెలైన్ ఎక్కించేదీ నరమే, మెడ పట్టేస్తే నొప్పెట్టేదీ నరమే, మెదడు కబురు మోసేదీ నరమే. బడి పుస్తకం ‘నాడి’ అంటుంది. నాడి దెబ్బతిందని చెబితే మా పెద్దాయనొకరు మణికట్టు చాపాడు. గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనల పుణ్యమా అని, షుగర్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కే ఆడవాళ్లు ఆ మాట పలకడానికే సిగ్గుపడుతున్నారు.

అన్నిటికన్నా నష్టం పక్షవాతం దగ్గర. గుండెపోటు అంటే ఆటో కోసం పరుగెత్తే ఊరే, పక్షవాతం అంటే పసరు, నూనె అంటూ తెల్లారాక చూద్దామంటుంది. మెదడులో నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు జబ్బు మొదలైనప్పటి నుంచి మామూలుగా ఉన్న గడువు 4.5 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2022లో అమల్లోకి వచ్చిన జబ్బుల పట్టికలో స్ట్రోక్‌ను రక్తప్రసరణ జబ్బుల నుంచి నాడీవ్యవస్థ జబ్బుల్లోకి మార్చింది. అందుకే స్ట్రోక్‌కు, గుండెపోటు లాగే, ‘మెదడుపోటు’ అనే మాటను 108 సిబ్బంది నుంచి ఆశా కార్యకర్తల దాకా అందరి నోటా పలికించండి.

మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లి రద్దు చేసే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. పెళ్లిచూపుల్లో మాత్రం ఆ మాట ఇంకా శాపమే. పైగా సినిమాలో కళ్లు తిరిగి పడ్డా మూర్ఛే! బడిలో క్షణంసేపు శూన్యంలోకి చూస్తుండిపోయే పిల్లకు వచ్చేదీ ఫిట్స్‌లో ఒక రకం కావచ్చని టీచరుకెలా తడుతుంది?

డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లిషు పేరు కిందే తెలుగు మాట, ఒక్క వాక్యం వివరణ అచ్చు వేయించాలని కోరుతున్నాం. ప్రభుత్వం తలచుకుంటే జబ్బు పేరు మారుతుంది: జపాన్ ప్రభుత్వం 2004లో మతిమరుపు జబ్బు డిమెన్షియాకు ఉన్న కించపరిచే పేరును మార్చేసింది. మన దగ్గర దానికింకా ‘చాదస్తం’ అనే పేరు. మాటలు ఖాయం చేసే కమిటీలో నరాల డాక్టర్లు, తెలుగు పండితులతో పాటు నర్సులు, మాలాంటివాళ్లూ ఉండాలి. నోరు తిరగని సంస్కృత సమాసాలు మాత్రం వద్దు, ఇంగ్లిషే నయమనిపిస్తాయి. ఖాయం చేసేముందు ఆ జాబితాను ఏదైనా ఓపీ వరుసలో పైకి చదివించి, ఏం అర్థమైందో అక్కడున్నవాళ్లను అడిగించండి.

ఇట్లు,
నరాల జబ్బుల రోగులు, వారి కుటుంబ సభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయడమైనది)