ఆటో గేరు బండి జబ్బు చేస్తే ముందే చెప్పండి

ఊళ్లో క్లచ్ బండి నేర్చుకొని వచ్చిన మనకు ఇక్కడ కంపెనీలో చాలాసార్లు ఆటోమేటిక్ బండే ఇస్తారు. నడపడం తేలికే. గేరుబాక్సు జబ్బు గుర్తుపట్టడమే కష్టం.

మా పక్క గదిలోని జగిత్యాల తమ్ముడి సంగతే చూడండి. గేరు 'డి'లో వేస్తే బండి రెండు క్షణాలు ఆగి కుదుపుతో కదిలేది. ఎండకు అంతేలే అనుకొని నెల రోజులు నడిపాడు. చివరికి సల్వా రోడ్డు మీద ఆగిపోయింది. తప్పు నీదేనని జీతంలో కోత పెట్టారు. ముందే చెప్పినట్టు అతని దగ్గర ఒక్క ముక్క రుజువు లేదు.

అందుకే ఈ గుర్తులు చూసుకోండి. ఇంజను మోత పెరుగుతుంది కానీ వేగం పెరగదు, అంటే గేరు జారుతోంది. గేరు పడటం ఆలస్యమవుతుంది. పొద్దున బండి కింద ఎర్రటి నూనె చుక్కలు కనిపిస్తాయి.

ఆయిల్ పుల్ల ఉన్న బండ్లలో ఎక్కువ వాటికి చదునైన చోట, ఇంజను వేడెక్కాక, గేరు 'పి'లో పెట్టి, ఇంజను నడుస్తుండగానే చూడాలి. హోండాలో ఇంజను ఆపి చూస్తారు. ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. పాలు కలిసినట్టు గులాబీ రంగుంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, ఇక నడపకండి. పుల్ల లేని బండి గ్యారేజీలోనే చూడాలి. ఏ ఆయిల్ పడితే అది పోయొద్దు.

ప్రతి కుదుపూ గేరుబాక్సుది కాదు. ఇంజను మౌంటింగ్ పోయినా కుదుపు వస్తుంది. బాక్సు విప్పే ముందు కంప్యూటర్ పెట్టి కోడ్ చూడమనండి.

ఇసుకలో చక్రాలు ఊరికే తిప్పితే ఆయిల్ మరిగిపోతుంది. ఆయిల్ వేడి దీపం వెలిగితే పక్కకు ఆపి, 'పి'లో పెట్టి, దీపం ఆరేదాకా ఇంజను నడవనివ్వండి.

గుర్తు కనబడిన రోజే సూపర్‌వైజర్‌కు ఫోన్‌లో మెసేజ్ పెట్టండి. తేదీ, కిలోమీటర్లు రాయండి, చెరపకండి. ఖతర్ 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం నష్టం మీ తప్పువల్ల జరిగితేనే కోత పెట్టాలి. అదీ నెలకు 7 రోజుల జీతం దాటకూడదు. కోత సంగతి తెలిపిన 7 రోజుల్లో కార్మిక శాఖకు అభ్యంతరం చెప్పుకోవచ్చు. అప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ మెసేజే.