కుక్క వయసుకు సాక్ష్యమేది?
పోర్చుగల్ కుక్క బోబీని 2023 ఫిబ్రవరిలో గిన్నిస్ సంస్థ ప్రపంచంలో అత్యధిక కాలం బతికిన కుక్కగా గుర్తించింది. అదే ఏడాది అక్టోబరులో చనిపోయేనాటికి దానికి 31 ఏళ్లు దాటాయన్నారు. 2024 ఫిబ్రవరిలో గిన్నిస్ ఆ బిరుదును రద్దు చేసింది.

బోబీ వయసుకు ప్రధాన ఆధారం మైక్రోచిప్ నమోదు. అయితే 2008కి ముందు పుట్టిన కుక్కలకు ఆ నమోదులో వయసు రుజువు అడగలేదు. మరి శరీరం చూసి చెప్పలేమా? కుక్కపిల్లకు సుమారు ఏడు నెలలకల్లా శాశ్వత దంతాలు వస్తాయి. ఆ తర్వాత పళ్ల అరుగుదల చూసి పశువైద్యులు చెప్పేది అంచనాయే. పుట్టినప్పుడు రాయని తేదీని తర్వాత నిరూపించడం అంత కష్టం.

మన పిల్లల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరేందుకు వయసు రుజువు జనన ధ్రువపత్రమే. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంత తల్లిదండ్రులు పత్రంలో తేదీతోపాటు పేరునూ సరిచూసుకోవాలి. తమిళ లిపిలో క, గ లకు అక్షరం ఒక్కటే కనుక గోపి కోపిగా మారే వీలుంది.

ఉపాధ్యాయులకు ఒక సూచన: ఇంటి కుక్క టీకా కార్డులోని తేదీలను పిల్లలచేత చదివించి, వాటిలో ఏది రుజువో, ఏది అంచనాయో చర్చింపజేద్దాం.