మైకు ఎవరి గొంతు కోసం?

కందిపప్పు కొనేముందు రెండు పలుకులు నోట్లో వేసుకుని చూస్తాం. చీర కొనేముందు అంచు తిరగేసి చూస్తాం. మనం పాడుకోవడానికి కొనే మైకు మాత్రం ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెట్టేస్తారు. అందులోంచి మన గొంతు రేకుడబ్బాలో గులకరాళ్లలా వినబడితే మైకుని ఎవరూ ఏమీ అనరు. "ఆవిడకి గొంతు లేదండీ" అనేస్తారు.

మా అత్తగారిని అలాగే అన్నారు. ఆవిడకి 72 ఏళ్లు. వాళ్లమ్మగారి దగ్గర నోటివెంట నేర్చుకున్న మంగళహారతులూ, అప్పగింతల పాటలూ బోలెడు వచ్చు. వాటిలో చాలావాటికి పుస్తకం లేదు, ఆవిడ నోరే పుస్తకం. కిందటి దసరాకి మా అపార్ట్‌మెంట్‌లో అద్దెకు తెచ్చిన మైకు ముందు ఆవిడ పాడితే, స్టాండు ఆరడుగుల మనిషికి బిగించి ఉంది, ఎకో గుడిలో గంట మోగినంత పెట్టారు. ఒక్క మాటా తెలియలేదు. అప్పటినుంచి శనివారం భజనలో వెనక వరసలో కూర్చుని తాళం వేయడమే. "నాకెందుకమ్మా, పిల్లలు పాడతారుగా" అంటారు. ఆ మాట ఇష్టంగా అన్నది కాదని ఇంట్లో ఉన్నదాన్ని నాకు తెలుసు.

అందుకే ఈసారి మేం ఆడవాళ్లమే చందాలు వేసుకుని, మేమే కొట్టుకి వెళ్లాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇంటికైనా, పదిపదిహేనుమంది పాడుకునే గదికైనా తీగ ఉన్న మామూలు డైనమిక్ మైకుని మించింది లేదు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, చేయిజారి పడినా సాధారణంగా తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సున్నితంగా వింటుంది, నిజమే. కానీ చాలావాటికి మిక్సర్ నుంచి 48 వోల్టుల కరెంటు అందాలి, మన చిన్న స్పీకర్లలో ఆ ఏర్పాటు ఉండదు. పైగా గదిలో పాడితే పాటతోపాటు ఫ్యాను గాలీ, వంటింట్లో కుక్కరు కూతా కూడా కలిపి వినిపిస్తుంది. రంగురంగుల లైట్లు వెలిగే కరోకే మైకులు పిల్లల పుట్టినరోజులకి బాగానే ఉంటాయి. తీగ లేని మైకులు చూడ్డానికి హుందా. చవకవాటిలో సరిగ్గా హారతివేళకి చార్జింగు అయిపోతుందని నా భయం.

గాయకులు ఎక్కువగా చెప్పుకునే పేరు ష్యూర్ ఎస్ఎం58. 1966లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. మా చందాలకి అది అందలేదు. అహూజా, బెరింగర్ లాంటి కంపెనీల్లో ఇదే తరహావి తక్కువలో దొరుకుతాయి. మేం మైకూ తీగా కలిపి రెండువేల లోపే ముగించాం. పేరు కంటే ముఖ్యం డబ్బా మీద కార్డియాయిడ్ అనే మాట. అంటే ఆ మైకు ఎదుటి గొంతుని వింటుంది, వీపువైపు వచ్చేదాన్ని చాలావరకు పట్టించుకోదు. కాబట్టి మైకు వీపు స్పీకరు వైపు ఉండాలి. ఇది తెలియకే స్పీకరు ముందు నిలబడి, వచ్చిన మోత మళ్లీ మైకులోకి దూరి 'కీచు'మంటుంటే కంగారుపడతాం. తలకాయ దగ్గర జాలీని గుప్పిట్లో పట్టుకున్నా అదే గోల. సినిమా పాటగాళ్లని చూసి అలా పట్టుకోకండి, నడుం దగ్గర పట్టుకోండి.

కొట్లో "హలో, వన్, టూ, త్రీ" అనకండి. అంకెలు ఏ మైకులోనైనా బాగానే పలుకుతాయి. నేను బి.ఎ. తెలుగు చదువుకున్నది ఇక్కడ పనికొచ్చింది. "ఫలం, భక్తి, ప్రభాతం" అన్నాను. ఆ ఒత్తులకి ఊపిరి తగిలి ఢబ్‌ఢబ్‌మంటుందేమో చూడాలి. "శేషశయన, సరస్వతి" అంటే శ, ష, స మూడూ వేరువేరుగా వినబడాలి, బుస్సుమనకూడదు. ఎకో పూర్తిగా తీయించి వినండి. ఎకో మసాలా లాంటిది, పాచికూరని కూడా దాచేస్తుంది.

ఇంకొకటి, గాజులు. కొట్టువాడికి తట్టని పరీక్ష ఇది. మైకుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చి చూడండి. చవకవాటిలో పిడి మీద గాజు తగిలితే చాలు, స్పీకర్లో పిడుగు పడినట్టే. బరువూ చూసుకోవాలి. మంచి మైకులు సుమారు 300 గ్రాములు ఉంటాయి, పెద్దవాళ్లు రెండు పాటలు నిలబడి పాడితే మణికట్టు లాగేస్తుంది. అందుకని పొట్టి స్టాండు కూడా కొన్నాం. కూర్చుని పాడుకునే మనకి కూర్చునే ఎత్తు కావాలి కదా!

తీగ మైకుకి అతికించి ఉన్నది వద్దు. ముందు చెడేది తీగే. విడిగా ఊడొచ్చేదైతే తీగొక్కటీ మార్చుకోవచ్చు. మైకు వైపు మూడు పిన్నులు, రెండో కొస మీ స్పీకరుకి సరిపోయే పిన్ను ఉండాలి. స్విచ్చు ఉన్న మైకైతే దానిమీద ప్లాస్టరు ముక్క అంటించండి. లేకపోతే బొటనవేలు తగిలి ఆగిపోయి, పాడేవాళ్లు పల్లవంతా గాలికే పాడతారు.

ఇంత చేసి అత్తగారికి ఏం ఒరిగిందంటారా? పెదవులకి రెండు వేళ్ల దూరంలో పెట్టి పాడమన్నాను. ఇలాంటి మైకుకి దగ్గరగా పాడితే సన్నని గొంతుకి కాస్త నిండుదనం వస్తుంది. మొదటి వారం ఊహూఁ అన్నారు. రెండో వారం ఒక హారతి పాడారు. వయసులో ఉన్న గొంతు తిరిగి రాలేదు, అక్కడక్కడా వణికింది, కానీ ప్రతి మాటా తెలిసింది. మూడో అంతస్తు అమ్మాయి ఫోనులో రికార్డు చేసుకుని, "పిన్నిగారూ, రెండో చరణం మళ్లీ చెప్పరా, రాసుకుంటాను" అంది. ఇప్పటికి నోటుబుక్కులో పదకొండు పాటలయ్యాయి. పన్నెండోదానికి మధ్యలో రెండు పాదాలు ఆవిడకీ గుర్తు రావడం లేదు, వాళ్ల చెల్లెలికి ఫోను చేసి కనుక్కుంటున్నారు.

మైకు అసోసియేషన్ గదిలో ఉంచితే అందరికీ అందుబాటులో ఉంటుందని ఒక ప్రతిపాదన వచ్చింది. మా బీరువాలోనే ఉంచాం. ఎవరడిగినా ఇస్తాం, సాయంత్రానికి తీగ చుట్టి తెచ్చివ్వాలి.