నలభై దాటిన తర్వాత నెలసరి లెక్క

రమజాన్ సమీపించే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే లేఖలలో ఒక ప్రశ్న పదే పదే కనిపిస్తుంది. వయసు నలభై అయిదు. పూర్వం నెలకు ఆరు రోజులు క్రమం తప్పకుండా ఉండేది. ఇప్పుడు రెండు నెలలు రాదు. వస్తే ఇరవై రోజులైనా ఆగదు. నమాజు చేయాలా, మానాలా? ఉపవాసాల కోసం మాత్రలు వేసుకోవచ్చా? రాసేవారు వేర్వేరు ఊళ్ళవారు, ప్రశ్న మాత్రం ఒక్కటే. అందులో సగం ధర్మశాస్త్రానికి చెందినది, సగం వైద్యానికి చెందినది. మన ఇళ్ళలో మొదటి సగాన్ని సిగ్గు అడగనివ్వదు. రెండవ సగాన్ని ‘ఈ వయసులో ఇంతేలే’ అన్న మాట అడగనివ్వదు. అన్సారీ స్త్రీలను ధర్మజ్ఞానం ఆర్జించడంలో సిగ్గు అడ్డగించలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి మాత్రం మనందరికీ తెలుసు.

ముట్లు ఒక్కనాటితో ఉడిగిపోవు. వరుసగా పన్నెండు నెలలు స్రావం లేకపోతేనే అవి ఆగిపోయినట్లు వైద్యులు నిర్ధారిస్తారు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలో జరుగుతుంది. అంతకు కొన్ని సంవత్సరాల ముందు నుంచే అండాశయాల పని తడబడుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలైన తర్వాత తయారయ్యే ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలకు కళ్ళెం వేసి, పొర సకాలంలో ఒక్కసారిగా రాలిపోయేటట్లు చేస్తుంది. అండం విడుదల కాని నెలలో ఆ కళ్ళెం ఉండదు. పొర మందమవుతూ పోయి, ఒకచోట ఈ రోజు, మరొకచోట వారం తర్వాత ఊడుతుంది. రెండు నెలల విరామం, ఆపైన ఇరవై రోజుల స్రావం ఇలా ఏర్పడేవే.

అయితే ప్రతి స్రావాన్నీ వయసు ఖాతాలో వేయరాదు. గర్భసంచిలో గడ్డలు, పాలిప్‌లు, థైరాయిడ్ లోపం, పాత కాపర్-టి, రక్తాన్ని పలుచన చేసే మందులు, చివరకు గర్భం కూడా ఇదే రూపంలో కనిపించవచ్చు. అరుదుగా కాన్సర్ కూడా. స్థూలకాయం, మధుమేహం ఉన్నవారిలో ఆ భయం మరికొంత ఎక్కువ. మధుమేహం లేని ఇల్లు మనలో ఎంత అరుదో చెప్పనక్కరలేదు. అందువల్లనే 45 దాటిన స్త్రీకి స్రావం క్రమం తప్పితే స్కానింగ్‌తో పాటు గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం అవసరమని వైద్యులు చెబుతారు. ఆ పరీక్ష పేరు వినగానే భయపడి తిరిగి రావద్దు. సాధారణంగా మత్తు లేకుండానే, కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది.

ఇక ధర్మశాస్త్రం. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి, తనకు స్రావం ఆగడం లేదనీ, నమాజు మానివేయాలా అనీ అడిగారు. అది బహిష్టు కాదనీ, ఒక నరం నుంచి వచ్చే రక్తమనీ, బహిష్టు రోజుల్లో నమాజు వదిలి, అవి గడవగానే శుభ్రపరచుకొని నమాజు చేయాలనీ ఆయన బోధించారు. మొదటిది హైజ్, రెండవది ఇస్తిహాజా. హనఫీ శాస్త్రం ప్రకారం హైజ్ మూడు రోజులకు తగ్గదు, పది రోజులకు మించదు. రెండు హైజ్‌ల నడుమ కనీసం పదిహేను రోజుల పరిశుద్ధి ఉండాలి. స్రావం పది రోజులు దాటితే ఆమె తన పూర్వపు అలవాటుకు, అంటే ‘ఆదత్’కు మరలాలి. ఆరు రోజుల అలవాటు గల స్త్రీకి ఇరవై రోజులు స్రావమైతే ఆరు రోజులు హైజ్, మిగిలిన పద్నాలుగు ఇస్తిహాజా. ఆ పద్నాలుగు రోజులూ ఆమెపై నమాజు విధి; ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేయాలి, ఉపవాసమూ ఉండాలి. షాఫిఈ శాస్త్రంలో గరిష్ఠ పరిమితి పదిహేను రోజులు. తెలియక మానివేసిన ఇస్తిహాజా నాటి నమాజులకు ఖజా ఉన్నది. హైజ్ నాటి నమాజులకు లేదు. ఇరవై రోజులూ నమాజు వదిలి కూర్చున్న సోదరి ఎంత కోల్పోతున్నదో ఈ లెక్కే చెబుతుంది.

ఆదత్ తెలియాలంటే అది ఎక్కడో రాసి ఉండాలి కదా! వైద్యురాలు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే: ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్‌లు, గడ్డలు పడ్డాయా? ఇద్దరికీ కావలసినది ఒకే చిన్న నోటుపుస్తకం. పాల లెక్క రాసే క్యాలెండరు మీదనే ఒక గుర్తు పెట్టుకున్నా చాలు. గంటకొక ప్యాడ్ తడిసిపోతూ రెండు మూడు గంటలు సాగితే మాత్రం క్యాలెండరు పక్కన పెట్టి ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

మాత్రల సంగతి కొంత వివరంగా చెప్పాలి. రమజాన్‌కో, ఉమ్రాకో నెలసరి వాయిదా వేయడానికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది సాధారణంగా నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర. రావలసిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు చొప్పున వాడితే నెలసరి వాయిదా పడుతుంది. ఆపిన రెండు మూడు రోజులకు వస్తుంది. ముప్పై ఏళ్ళ స్త్రీకి ఇది సాగవచ్చు. నలభై అయిదేళ్ళ స్త్రీకి అసలు రావలసిన తేదీ ఏది? తేదీయే లేనప్పుడు మూడు రోజుల ముందు అన్న మాటకు అర్థమేమిటి? మాత్ర వాడుతుండగానే చుక్కలు చుక్కలుగా స్రావం మొదలై, ఉపవాసం ఉన్నదో లేదో తెలియని స్థితి ఏర్పడుతుంది. అంతకన్న పెద్ద ప్రమాదం, పరీక్ష కావలసిన స్రావాన్ని ఆ మాత్ర నెలల తరబడి కప్పి ఉంచడం. కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, సుదీర్ఘ విమాన ప్రయాణానికి సిద్ధమవుతున్న స్థూలకాయులు వైద్యుల సలహా లేకుండా దీనిని ముట్టుకోరాదు.

వైద్యుల చేతిలో అదే మందు మంచి చికిత్స. పరీక్షలలో చెడు ఏమీ లేదని తేలిన తర్వాత, లేని కళ్ళెాన్ని బయటి నుంచి అందించడమే ఈ చికిత్సలోని సూత్రం. స్రావం రోజుల్లో మాత్రమే వాడే ట్రానెక్సామిక్ ఆసిడ్ హార్మోను కాదు. అది స్రావాన్ని తగ్గిస్తుంది గాని క్రమాన్ని సరిచేయదు. రక్తపోటు ఉన్నవారికి, కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు తగవు. అధిక స్రావానికి నేడు వైద్యులు తరచుగా ముందు సూచించేది గర్భసంచిలో అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ సాధనం. ధర కొన్ని వేల రూపాయలైనా కనీసం అయిదేళ్ళు పనిచేస్తుంది. తొలి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు కనిపించడం దాని సహజ లక్షణం. ఈ విషయం ముందుగా చెప్పకపోతే, నమాజుకు ఇబ్బందిగా ఉన్నదని రెండో నెలలోనే తీయించివేస్తారు. రమజాన్‌కు నెల ముందు దానిని అమర్చుకోవద్దని మా సలహా; పండుగ గడిచాక వెళ్ళండి, స్రావం అంతవరకు ఆగగలిగినదైతే.

ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు ఉన్నవారికి ఇచ్చే హార్మోను చికిత్స వేరు. దానిపై భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలోనే నిలిపివేసిన ఒక పెద్ద పరిశోధన. అందులో పాల్గొన్న 16,608 మంది స్త్రీల సగటు వయసు 63 ఏళ్ళు. యాభై లోపు వారికి ఆ ఫలితాలను యథాతథంగా అన్వయించడం సరికాదని నేడు వైద్యలోకం అంగీకరిస్తున్నది. అయితే గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా ఎన్నడూ ఇవ్వరాదు. రొమ్ము కాన్సర్ వచ్చినవారికి ఈ చికిత్స సాధారణంగా ఇవ్వరు. కారణం తెలియని స్రావం ఉండగా దీనిని మొదలుపెట్టరు.

ఇవేవీ ప్రయత్నించకుండానే ‘పిల్లలు పుట్టేశారుగా, తీయించెయ్యండి’ అనే మాట మన తెలుగు నేల మీద చాలా తేలికగా వినిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద మూడు శాతానికి కొంచెం పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిది శాతానికి చేరువ. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. శస్త్రచికిత్స తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి. వాటికి పరీక్షా నివేదిక ఉంటుంది. దానిని చూపమని భర్త అడగవచ్చు, అడగాలి కూడా. అండాశయాలు కూడా తీస్తారా అన్నది మరవకుండా అడగండి. వాటిని కూడా తీసివేస్తే ముట్లుడిగే దశ ఒక్క రోజులో వచ్చిపడుతుంది.

చివరగా ఉపవాసం మాట. ఇస్తిహాజా రక్తం ఉపవాసానికి అడ్డు కాదు. కాని నెలల తరబడి రక్తం పోయి హిమోగ్లోబిన్ ఏడుకో ఎనిమిదికో పడిపోయిన స్త్రీ రోగి. వైద్యులు ఉపవాసం వద్దంటే రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపు ఆమెకు వర్తిస్తుంది. కోలుకున్నాక ఖజా ఉంటుంది. స్త్రీలకు 12 కన్న తక్కువ ఉంటేనే రక్తహీనత. ఇనుము మాత్రలను ఇఫ్తార్ చాయ్‌తో కలిపి మింగితే ఒంటికి పట్టవు. రెండింటి నడుమ గంటో రెండు గంటలో ఎడం ఉంచండి. ఏడాది పాటు ఆగిపోయి మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా, రమజాన్ గడవనివ్వాలని చూడకుండా ఆ వారమే స్త్రీ వైద్యురాలిని కలవండి.