ఆటు వేళ పడిపోయిన బందరు కోట

ఏలూరు నుంచి కొల్లేరు అంచున కైకలూరు మీదుగా బందరు వెళ్తుంటే దారి పొడవునా చేపల చెరువులే. 1759 మార్చిలో ఈ ప్రాంతం మీదుగానే ఇంగ్లిషు సైన్యం నడిచింది. దాని గురి బందరు కోట.

అప్పుడా కోట ఫ్రెంచివాళ్లది. 1750లో పట్టుకుని బురుజులు బలపరిచారు. అయినా అసలు కాపలా గోడలది కాదు, బురదది! చుట్టూ మనిషి దిగబడిపోయే చిత్తడి నేల.

ఇంతకీ ఇంగ్లిషువాళ్లను పిలిచిందెవరు? కథ బొబ్బిలిలో మొదలైంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో బొబ్బిలిని గెలిచిన విజయరామరాజు, తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకు బుస్సీతో పొసగలేదు. ఇంగ్లిషువాళ్లకు కబురంపాడు. క్లైవ్ కలకత్తా నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు. కానీ రాజుగారి సొమ్ము అందక ఫోర్డ్ ముందుకు కదల్లేకపోయాడు. ఫిబ్రవరిలో ఏలూరులోనే వారాల తరబడి కూర్చున్నాడు.

తీరా బందరు చేరాక ఇంకా ఇబ్బంది. జీతాల కోసం సొంత యూరోపియన్ సైనికులే తిరగబడ్డారు. ఏప్రిల్ 7 నాటికి మిగిలిన మందుగుండు రెండు రోజులకే సరి. ఫ్రెంచివాళ్లకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సేన బెజవాడ వైపు నుంచి వస్తోంది. వెనక్కి పోదామంటే దారి లేదు.

నైరుతి వైపు బురదలో స్థానికులు అప్పుడప్పుడు దాటుతుంటారని ఫోర్డ్‌కు తెలిసింది. ఆ రాత్రి సముద్రం ఆటు పట్టి కందకంలో నీరు తగ్గే వేళ చూసుకుని అటు కొద్దిమందిని పంపాడు. అది ఉత్తుత్తి దాడి. కోట ముఖద్వారం దగ్గర ఆనందరాజు మనుషులు గోల చేశారు. అసలు దళం ఈశాన్య బురుజెక్కింది. తెల్లారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్లు పట్టుకున్నవాళ్లకంటే ఎక్కువ! కొద్ది రోజులకే ఫ్రెంచి ఓడలు సాయానికి వచ్చాయి... అప్పటికే ఆలస్యమైంది. సలాబత్ జంగ్ కూడా మే నెలలో సంధి చేసుకుని బందరు ప్రాంతాన్ని ఇంగ్లిషువాళ్లకు రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి పెత్తనం అంతటితో సరి.

ఇంగ్లిషువాళ్ల నుంచి మాత్రం ఏ సేనా ఈ కోటను లాక్కోలేదు. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో ఉప్పెన లేచి బందరును ముంచేసింది. ఈ తీరంలో దాదాపు 30 వేల మంది పోయారు. రేవు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు.

మిగిలిన కోట కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మంగినపూడి బీచికి వెళ్లి, లడ్డూలు కట్టించుకుని తిరుగు బస్సెక్కేవాళ్లలో ఇటు వచ్చేది ఏ కొద్దిమందో.